ఆసన పర్వం

రెండు కాళ్ల మీద నిలబడడం మనిషి ఎప్పుడో నేర్చుకున్నాడు గాని, సరిగా కూర్చోవడం ఇంకా నేర్చుకోవలసే ఉంది. ఈ సత్యానికి నిదర్శనంగా హేమచంద్ర, తిరుపతిలో రేణిగుంట రోడ్డున ఉన్న కుప్పుస్వామి సీట్ల అంగడి ముందు, స్టాండు వేసిన మోటారు సైకిలెక్కి, కదలని ప్రయాణం చేస్తున్నాడు.

"ఇంచెం ముందుకు వంగండి సార్. చిత్తూరికి పోతా ఉండామని అనుకోండి," అన్నాడు కుప్పుస్వామి.

హేమచంద్ర వంగాడు. నిజంగానే చిత్తూరు పోయి వచ్చినంత అలసట అతని ముఖంలో కనిపించింది.

"ఈతూరి ఎట్లుండాది నాయనా?" స్టూలు మీద కూర్చుని ఈ మహాకార్యాన్ని పర్యవేక్షిస్తున్న అత్తగారు వరలక్ష్మమ్మ అడిగింది.

"తోలి సూడాల అత్తా."

ఇది మూడో సీటు.

వేసవిలో హేమచంద్రకు చిత్తూరు కోర్టుకు బదిలీ అయింది. కాపురం తిరుచానూరులో, అత్తగారింట్లో. రోజూ బండి మీద పోయి రావడం మొదలైన కొద్ది వారాలకే, తన నడుము ఇక ఈ భారం మోయజాలదని అతడు ఇంట్లో ప్రకటించాడు. బస్సులో పొమ్మంటే, నిలబడితే మరీ కష్టమన్నాడు. కోర్టుకు దగ్గరలో ఒక చిన్న ఇల్లు చూసి ఉంచానని, దాని వసారాలో రెండు కుర్చీలు కూడా ఉన్నాయని భార్య ధరణికి ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

ధరణి తన తల్లి వంక చూసింది. తల్లి గోడ వంక చూసింది. గోడ పక్కన కీర్తిశేషులైన మామగారి పడక కుర్చీ ఉంది. ఆ ఇంట్లో కుర్చీ అనదగినది అదొక్కటే. అందులో ఎవరూ కూర్చోరాదన్నది అక్కడి అలిఖిత శాసనం. అల్లుడు పెళ్లయిన నాటి నుంచీ వాకిలి మెట్టు మీదే పేపరు చదువుకుంటున్నాడు.

"తిరుచానూరు అమ్మోరిని ఇడిసిపెట్టి నేను యాడికీ రాను. నన్ను ఇడిసిపెట్టి నా బిడ్డ రాదు," అని వరలక్ష్మమ్మ తీర్పు చెప్పింది. "ఇల్లు మార్చేదానికన్నా సీటు మార్చేది సులబం గదా నాయనా."

కాశీయాత్రకని దాచుకున్న సొమ్మును ఆ సాయంత్రమే తీసి అల్లుడి చేతిలో పెట్టింది. హేమచంద్ర కళ్లు చెమర్చాయి.

ఆ విధంగా ఆసన సంస్కరణకు అంకురార్పణ జరిగింది. మొదటి సీటు బండరాయిలా ఉందన్నాడు హేమచంద్ర. రెండోది ఊబిలా కుంగుతోందన్నాడు. అతడు ఒక లోపం చెప్పిన ప్రతిసారీ అత్తగారు అంగడికి వచ్చి నాలుగు లోపాలు చెప్పింది. మద్రాసులో నేర్చిన విద్యకు ఇన్ని పరీక్షలా అని కుప్పుస్వామి నొచ్చుకుంటూనే కుట్లు విప్పాడు.

ఈలోగా ధరణి ఒక నల్లసీసాలో నొప్పుల తైలం తెచ్చి ఇచ్చింది. కోర్టు నుంచి రాగానే హేమచంద్ర ఆ సీసా పుచ్చుకుని గదిలోకి పోయి తలుపు వేసుకునేవాడు. లోపల చడీచప్పుడూ ఉండేది కాదు. హాల్లో అత్తగారి సీరియళ్లన్నీ ముగిసే వేళకు, కాస్త తేరుకున్నవాడిలా బయటికి వచ్చేవాడు.

"మంచి తైలమే. ఇంట్లో రవ్వంత వాసన కూడా రాదు," అని వరలక్ష్మమ్మ మెచ్చుకునేది.

ఇప్పటి ఈ మూడో సీటు మాత్రం సామాన్యమైనది కాదు. వెన్ను కొసకు ఒత్తిడి తగలకుండా గాడి, దాని మీద చల్లటి జెల్ పొర, వెనక కూర్చునేవారికి వీపు ఆనించుకునే దిండు. కుప్పుస్వామి దాన్ని ఏనుగు కుంభస్థలంలా చరిచి, దీని మీద కూడా నొప్పి అంటే అంగడి మూసేస్తానని ప్రతిజ్ఞ చేశాడు.

వరలక్ష్మమ్మ కొంగు దోపుకుని లేచింది. "నేనే ఎనక కూసోని వస్తా. చిత్తూరిదాకా పోయొద్దాం పద."

ఆనాడు ఆదివారం. సాయంత్రంలోగా ఏ సంగతీ చెప్పకపోతే ఇల్లు వేరేవాళ్లకు ఇస్తానని చిత్తూరు ఇంటి యజమాని అప్పటికే ఫోన్లో చెప్పి ఉన్నాడు. కొత్త రోడ్డు వేశాక గుంతలు అరుదైపోయాయి. అయినా పరీక్ష కఠినంగా ఉండాలన్నట్టు హేమచంద్ర ఉన్నవాటిలో ఒక్కదాన్నీ వదలలేదు. పూతలపట్టు దాటేసరికి అతని భుజం మీద అత్తగారి తల వాలింది. సన్నగా గురక వినిపించింది.

చిత్తూరులో ఆ చిన్న ఇంటి ముందు బండి కాసేపు ఆపాడు. వసారాలో రెండు కుర్చీలు ఎదురెదురుగా, ఖాళీగా ఉన్నాయి.

"ఉయ్యాల్లో ఉన్నట్టుండాది నాయనా," అంది వెనక నుంచి వరలక్ష్మమ్మ, కళ్లు తెరవకుండానే.

హేమచంద్ర బండి వెనక్కి తిప్పాడు.

ఇంటికి చేరగానే ధరణి వాకిట్లోకి వచ్చింది. నొప్పి ఎట్లా ఉందని అడిగింది. హేమచంద్ర సీటు వంక చూశాడు. ఒక వృద్ధురాలి కాశీయాత్ర మొత్తం దాని తోలు కింద ఒదిగి ఉంది.

"తగ్గిందిలే," అన్నాడు.

చిత్తూరుకు ఫోన్ చేసి, ఇల్లు అక్కర్లేదని చెప్పి, వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. లోపల పాయసానికి పాలు పొంగుతున్నాయి. వరలక్ష్మమ్మ చాప మీద కాళ్లు చాపుకుని, విజేతకు తగిన మూలుగు ఒకటి మూలిగింది.

"నాకే మోకాళ్లు పట్టుకున్నాయి మే ధరణీ. ఆయనకింక ఆ తైలంతో పనేముండాది, ఇట్ల తే."

ధరణి గదిలోంచి నల్లసీసా తెచ్చింది. మూత తిప్పబోయి ఆగింది. తల ఎత్తి, మెట్టు మీద కూర్చున్న భర్త వీపు వంక చూసింది.

సీసా సీలు ఇంకా ఊడనే లేదు.