లయ తప్పిన రెండు పెట్టెలు

పల్లవి దాటకముందే డ్రమ్ము ముందుకు ఉరికింది. బేసు వెనకబడింది.

ఓబులేష్ కీబోర్డు మీద నుంచి చేతులు తీసేశాడు. పాట ఆగిపోయింది. చాపల మీద కూర్చున్నవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"మళ్లీనా?" మైకుకు చెయ్యి అడ్డం పెట్టి లేవి పళ్లు నూరాడు. "అన్నా, ఈ పొద్దు గూడా ఇట్లే అయితే నేను డీజే వాళ్లతో పోతా. ముందే చెప్తాండా."

"నోరు మూసుకో. వైరు సరిచేస్తా."

లేవి పోతే పాడేవాడు లేడు. పాడేవాడు లేకపోతే ఓబులేష్ ఆర్కెస్ట్రానే లేదు.

బేతంచెర్ల అమ్మవారిశాలలో దసరా తొమ్మిది సాయంత్రాలూ ఎవరు వాయించాలో ఈ పూటే తేలిపోతుంది. పిలిచింది రెండు ఆర్కెస్ట్రాలను. ముందు ఓబులేష్‌ది, తర్వాత బద్వేలు వాళ్లది. ఎవరైనా మూడు పాటలు ఆపకుండా వాయించాలి. మధ్యాహ్న హారతి గంట మోగిందా, ఇక ఆ శాలలో వాయిద్యం ముట్టకూడదు. అది తాతలనాటి కట్టుబాటు.

బద్వేలు వాళ్లను ఓబులేష్ ఎప్పుడూ చూడలేదు. కొత్త కీబోర్డు కొన్నారని మాత్రం విన్నాడు. విన్నప్పటి నుంచి నిద్ర లేదు.

అతని దగ్గర ఉన్నవి రెండు పాత పెట్టెలు. మద్రాసులో ఎవరో వాడి వదిలేసినవి. డ్రమ్ము కొట్టేది రిథమ్ బాక్సు. బేసు, వయొలిన్లు వాయించేది సీక్వెన్సరు. రెంటికీ మధ్య ఒక వైరు. డ్రమ్ము పెట్టె ఆ వైరులో టిక్కు టిక్కుమని లెక్క పంపితే, రెండో పెట్టె ఆ లెక్కకు అడుగు వేస్తుంది. ఈ ఉదయం సగం టిక్కులు దారిలోనే మాయమైపోతున్నాయి.

వైరు పీకాడు. ఊదాడు. చొక్కా అంచుతో తుడిచి మళ్లీ గుచ్చాడు.

పాట మొదలైంది. రెండో లైనుకే మళ్లీ చీలిపోయింది.

"ఏమప్పా ఓబులేషూ!" కమిటీ పెద్ద పెద్దసుబ్బయ్యశెట్టి కుర్చీలోంచే కేకేశాడు. "ఇంకెంతసేపు? అమ్మవారికి గూడా ఆవలింతలు వస్తాండాయి."

ఈసారి అందరూ నవ్వారు.

ఓబులేష్ చెమట తుడుచుకుంటుంటే, పక్కన ఒక గొంతు వినిపించింది.

"ఆ వైరు పీకెయ్ నాయనా."

చూశాడు. యాభై ఏళ్ల ఆవిడ. నేత చీర, కళ్లద్దాలు, చంకన గుడ్డసంచి. ముందు వరసలోంచి లేచి నేరుగా వేదిక ఎక్కేసింది.

"ఏందమ్మా?"

"పీకెయ్. దేని పాటికి దాన్ని పోనీ. ఆ రెండో పెట్టె స్పీడు నాబు నేను పట్టుకుంటా. వెనకబడితే తోస్తా, ఉరికితే లాగుతా."

"ఇది పిండిమర అనుకున్నావా? ప్రసాదం ఆ పక్క పెడతాండారు, పోమ్మా."

"పీకి చూడన్నా," అన్నాడు లేవి. "ఇంకా పోయేదానికి మనకాడ ఏముండాది?"

ఓబులేష్ వైరు పీకాడు. ఆవిడ పెట్టె పక్కన చతికిలబడి, రెండు వేళ్లతో నాబు పట్టుకుంది.

"డ్రమ్ము నువ్వు నొక్కు, ఇది నేను నొక్కుతా. ఊ, కానీ!"

రెండూ ఒకేసారి కదిలాయి. నాలుగు లైన్లు బాగానే నడిచాయి. తర్వాత బేసు కాస్త జారింది. ఆవిడ వేళ్లు వెంట్రుకవాసి కదిలాయి. బేసు వచ్చి డ్రమ్ము పక్కన నిలబడింది.

మళ్లీ జారింది. మళ్లీ వచ్చింది.

ఓబులేష్‌కు పాట మీద ధ్యాస లేదు. కళ్లన్నీ ఆ వేళ్ల మీదే. ఆవిడ తుమ్మితే? కాలు తిమ్మిరెక్కి లేస్తే?

ఆపకుండానే రెండో పాటలోకి దిగారు.

గుమ్మం దగ్గర గళ్ల చొక్కా మనిషి ఒకడు ఆవిడకేసి చెయ్యి ఊపాడు. "అక్కా, రా!" అన్నట్టు సైగ. ఆవిడ తల అడ్డంగా ఊపింది. వాడు గోడ గడియారం చూపించాడు. ఆవిడ అటు చూసింది. వేళ్లు సడలాయి.

బేసు తూలింది.

"చెయ్యి తియ్యొద్దమ్మా!" ఓబులేష్ బుసకొట్టాడు. "ఏం, ఇంటికాడ పొయ్యి మీద ఏమన్నా పెట్టొచ్చినావా?"

ఆవిడ నాబు సర్దింది. బేసు దారిలో పడింది.

"పెట్టే వచ్చినా," అని నవ్వింది. "మాడితే మాడనీలే. నువ్వు పాట చూసుకో."

గళ్ల చొక్కా మనిషి గుమ్మానికి చేరగిలబడిపోయాడు.

మూడో పాటకు చాపల మీద పిల్లలు లేచి చిందులేశారు. చివరి దెబ్బకు డ్రమ్మూ బేసూ ఒక్కటిగా పడ్డాయి. చప్పట్లు ఇంకా ఆగకముందే లోపల హారతి గంట మోగింది.

"తొమ్మిది రోజులూ మీరేనప్పా!" అన్నాడు శెట్టి.

లేవి ఎగిరి ఓబులేష్‌ను వాటేసుకున్నాడు. ఆ ఊపు తగ్గి ఓబులేష్ వెనక్కి తిరిగేసరికి, పెట్టె పక్కన ఎవరూ లేరు.

వరండాలోకి పరుగెత్తాడు. వీధి చివర ఒక వ్యాను దుమ్ము రేపుకుంటూ మలుపు తిరుగుతోంది. అంతే. పేరైనా అడగలేదే అనుకుంటూ లోపలికి వచ్చాడు.

గెలిచిన హుషారు మాత్రం తగ్గలేదు.

"శెట్టిగారూ, బద్వేలు వాళ్లు యాడ? మా పాట విని పారిపోయినారా?"

పెద్దసుబ్బయ్యశెట్టి అతన్ని వింతగా చూశాడు.

"పారిపోయేదేంది? నీకంటే ముందే వచ్చి, సామాను వ్యానులోనే పెట్టుకోని కాచుకున్నారు. గంట మోగిపోయె, ఇంకేం వాయిస్తారు? ఇప్పుడే వ్యాను ఎక్కినారు. వాళ్ల గళ్ల చొక్కాయనతో నేను పిలిపిస్తే గూడా ఆమె లేచి రాకపాయె. వాళ్ల కీబోర్డు రాజ్యలక్ష్మమ్మే గదప్పా, ఇంతసేపూ నీ పక్కన కూర్చోని నీ పెట్టె తిప్పింది!"