రెండు నిమిషాల చావు

"ఏడుత్తావా, ఏడవవా? ఒకటే మాట సెప్పు దాలమ్మా!" సినిమా హాలు గుమ్మంలో పెళ్ళాం చెయ్యి పట్టుకుని నిలదీశాడు జగ్గారావు.

"ఏడవను. మెళ్ళో పుస్తెలున్నదాన్ని. పక్కన కూకొని సెనక్కాయలు నమిలే మొగుడు సచ్చిపోనాడని గోల్‌బజార్ నడిబొడ్డున ఏడవాలా? అపసకునం కాదేటి?"

"నిజం సావు కాదే. సినిమా సావు."

"అయితే సినిమా పెళ్ళాన్నే ఏడవమను మావా."

వెనకే ఉన్న గోవిందరావు పకపకా నవ్వాడు. ఇద్దరూ రైల్వే వర్క్‌షాపులో ఒకే షెడ్డువాళ్ళు. పందెం అతనితోనే.

పోయిన చలికాలం రైలు పట్టాల పక్కన బెంగాలీ సినిమా తీశారు. అందులో కత్తిపోటు తిని చచ్చే రౌడీ వేషం జగ్గారావుకు దొరికింది. ఆ రోజు నుంచీ ట్రాఫిక్ కాలనీలో ఎవరికీ అతని చావు కబుర్లు తప్పలేదు. "కత్తి దిగిపోనాక అరగంట పాట పాడతాడేటి ఎవుడైనా? నాను సచ్చినట్టు ఎవుడూ సావలేదు. నన్ను సూసి ఆడోళ్ళు ఏడవకపోతే మీసం తీయించేత్తాను" అని అందరి ముందూ అనేశాడు. గోవిందరావు ఆ మాట పట్టుకున్నాడు. హాల్లో ఒక్క ఆడమనిషైనా ఏడవకపోతే ఇంటర్వెల్‌లోనే మీసం ఎగిరిపోవాలి. మంగలిని కూడా తీసుకొచ్చి గేటు బయట కూర్చోబెట్టాడు. అతను అప్పుడే కత్తి నూరడం మొదలుపెట్టాడు.

జగ్గారావు మీసం అంటే మాటలు కాదు. కన్నబిడ్డలకు కూడా అతను అంత ఆముదం రాయలేదు.

దాలమ్మకు ఆ సినిమా మీద మరో కోపం కూడా ఉంది. చావడం నేర్చుకోవాలంటూ షూటింగుకు ముందు నుంచే అతను ప్రతి ఆదివారం ఝపటాపూర్ వెళ్ళేవాడు. అక్కడ నాటకాలు నేర్పే ఆయన ఎవరో ఉన్నాడట. "రెండు నిమిషాల సావుకి ఎన్ని ఆదివారాలు మావా?" అని ఆమె అడిగితే, "నీకేటి తెలుసు, అదో పెద్ద విద్య" అనేవాడు. సినిమావాళ్ళు మళ్ళీ పిలుస్తారేమోనని ఇప్పటికీ మానలేదు.

బొమ్మ మొదలైంది. గంట గడిచాక తెరమీద జగ్గారావు మీసం కనిపించింది. దాని వెనక జగ్గారావు. కాలనీవాళ్ళు ఈలలు వేశారు. హీరో కత్తి తీశాడు. కత్తి దిగింది. చొక్కా అంతా తడిసిపోయింది.

"బావా, రత్తం నల్లగా ఉన్నాదేటి? ఇంజినాయిలు పోసీసుకున్నావా?" అన్నాడు గోవిందరావు.

"రంగుల సినిమా కాదు కదరా! మేక రత్తమే. ఈ బజార్లో నానే పట్టించినాను."

"అయితే ఆ మేకనే అడగాల, ఏడుత్తాదేమో."

చుట్టుపక్కల బెంచీలన్నీ నవ్వాయి. దాలమ్మ కూడా నవ్వింది. "చుప్ కోరో దాదా!" అని వెనక నుంచి ఎవరో బెంగాలీలో కసిరారు.

తెరమీద జగ్గారావు కంకరరాళ్ళ మీద పడిపోయాడు. అరవలేదు. "అమ్మా అని మూడుసార్లు అరువు" అని డైరెక్టర్ చెప్పినా వినలేదట. "సచ్చేవోడు కబుర్లు సెప్పడు దాదా" అన్నాడట. నోరు రెండుసార్లు తెరుచుకుని మూసుకుంది. కాళ్ళు తన్నుకున్నాయి. కుడిచెయ్యి మాత్రం రాళ్ళ మీద దేనికోసమో మెల్లగా తడుముకుంటోంది. జానెడు దూరంలో అతని తువ్వాలు పడి ఉంది.

దాలమ్మ నవ్వు ఆగిపోయింది.

ఆ చెయ్యి ఆమెకు తెలుసు. వాళ్ళ షెడ్డులోనే పనిచేస్తూ రెండు వ్యాగన్ల మధ్య నలిగిపోయిన నూకరాజు చివరికి అలాగే తువ్వాలు కోసం తడుముకున్నాడని, ఆ రోజు కంచం ముందు కూర్చుని జగ్గారావు చెప్పాడు. చెప్పి, ఒక్క ముద్ద కూడా తినకుండా లేచిపోయాడు.

తెరమీద చెయ్యి తువ్వాలు దాకా వెళ్ళలేదు. ఆగిపోయింది.

హాల్లో ఎవరూ నవ్వలేదు. ఈలలు వేసినవాళ్ళు కూడా నోళ్ళు మూసుకున్నారు. కానీ ఎవరూ ఏడవనూ లేదు.

గోవిందరావు గొంతు సవరించుకున్నాడు. "బాగానే సచ్చినావు బావా. కాదననెను. కానీ పందెం పందెమే. ఒక్క ఆడకూతురైనా ముక్కు సీదిందేటి? సూసినావు కద సెల్లీ. లెగు బావా, బేగి పద. మంగలి కాసుకొని ఉన్నాడు."

దాలమ్మ పక్కకు చూసింది. జగ్గారావు శనక్కాయలు నమలడం మానేశాడు. ఎడమచేత్తో మీసాన్ని కప్పుకుని, తెరమీది తన శవాన్నే చూస్తున్నాడు. ముప్పై మందిని భుజాలతో తోసెయ్యగల మనిషి, బడిలో దెబ్బలు తిన్న పిల్లాడిలా ఉన్నాడు.

ఆమె మనసు కరిగిపోయింది. అపశకునమూ లేదు, గిపశకునమూ లేదు. ఇంత కష్టపడి చచ్చిన మనిషికి కట్టుకున్నది కాకపోతే ఇంకెవరు ఏడుస్తారు?

"ఉండన్నా, తొందరేటి?" అంది గోవిందరావుతో. పుస్తెలు తీసి కళ్ళకద్దుకుంది. నెత్తిన చెంగు కప్పుకుంది. గుండెల నిండా గాలి పీల్చి, నోరు తెరిచింది.

ఆమె గొంతు ఇంకా పెగలనేలేదు. ముందు బెంచీల్లో భళ్ళున గాజులు పగిలిన చప్పుడు వినిపించింది. ఆ వెంటే హాలు కప్పు ఎగిరిపోయేలా ఒక ఆడమనిషి శోకం మొదలైంది.

"ఓలమ్మో! ఇంక ఆదివారం ఆదివారం నా గుమ్మంలోకి ఎవులొత్తారో, జగ్గారావు మావో!"