నేనొక్కణ్నే

గోరంట్లలోని తమ కొలిమిలో ఓబుళమ్మ కత్తిపిడిని కదలకుండా పట్టుకుంది. భర్త వీరాచారి ఆఖరి ఇత్తడి మేకు కొట్టి బిగించాడు. పొరలు పొరలుగా అతికిన ఉక్కు మీద నీటి అలల్లాంటి చారలు మెరిశాయి.

కత్తి కొనడానికొచ్చిన లహరి ఫోన్‌లో వీడియో తీస్తూ, "ఇదంతా ఒక్కరే చేసినారా అన్నా?" అని అడిగింది.

"నేనొక్కణ్నే మా."

లహరి ఫోన్‌ను ఓబుళమ్మ వైపు తిప్పింది. "నువ్వేం చేస్తావక్కా?"

"నేనేం చేస్తా? ఊరికే ఈయప్ప పక్కన కూచోనుంటా," అంది ఓబుళమ్మ, బొబ్బలెక్కిన చేతులు కొంగులో దాచుకుంటూ.

ఆమె గొంతులో కోపం లేదు. ఇన్నేళ్లూ వచ్చినవాళ్లందరికీ ఆమె గురించి వీరాచారి చెప్పిన మాటే చెప్పింది.

అతను తలెత్తలేకపోయాడు.

"అబద్ధం మా. ఈ ఉక్కు అతికేదాకా సమ్మెట కొట్టింది ఆమె," అన్నాడు.

ఓబుళమ్మ ఉలిక్కిపడి మొగుడి మొహంలోకి చూసింది.