ఆగని గుండె

“ప్లేటు మారినట్టుందమ్మా. ఇది మా పాపది కాదు.” తల్లి మైక్రోస్కోపు మీంచి తలెత్తింది.

ల్యాబ్ అమ్మాయి చీటీ మళ్ళీ చూసింది. నిరుడు చనిపోయిన పాప చర్మం నుంచి పెంచిన గుండె కణాలే అవి. “మీ పాపవేనండీ. కొట్టుకుంటున్నాయి చూడండి.”

“దాని గుండె మూడుసార్లు కొట్టుకుని ఒకసారి ఆగేది. తొమ్మిదేళ్ళు దాని ఛాతీమీద చెవి పెట్టి పడుకున్నాను. నాకు తెలీదూ?”

“మొన్నటిదాకా ఇవీ అలాగే ఆగేవండీ. కొత్త మందు వేశాక సర్దుకున్నాయి. అది చూపిద్దామనే రమ్మన్నాను. రేపు ఇంకెవరి పాపకైనా పనికి రావచ్చు.”

ఆమె మళ్ళీ వంగి చాలాసేపు చూసింది. కణాలు ఒక్కసారీ ఆగలేదు.

“మంచిదే. మందు వెయ్యనిది ఒక్కటైనా ఉంచారా, తల్లీ?”