ఖాళీ వరస

రేవుకు కొత్తగా వచ్చిన కంప్యూటరు మనిషి పెద్దాయన గేటును లాక్కున్నాడు. అందులో రెండో మాట లేదు.

రేవు గేటు దగ్గర మైకులో లారీలను పిలిచేది పెద్దాయనే. భార్య పోయాక ఆ మైకే ఆయన సంసారం. డ్రైవర్లు ఇంజన్లు ఆపేవారు కాదు. సందు ఇస్తే వంతు పోతుందని బండి వెనక బండి అతుక్కుని, "పెద్దాయనా, కాస్త మనల్నీ చూడు" అని బతిమాలేవారు.

ఇప్పుడు అతని కంప్యూటరు వల్ల ఎవరి వంతు ఎప్పుడో డ్రైవరు ఫోనే చెబుతోంది. లారీ ఆ వేళకే వస్తోంది, కంటైనరు దించి పోతోంది. రోడ్డు మీద పొగ లేదు. పెద్దాయన ముందు చేతులు కట్టుకునేవాడూ లేడు.

డ్రైవర్లంతా ఆ కంప్యూటరు మనిషి చుట్టూ మూగుతుంటే ఆయన మైకు గది తలుపు వేసుకునేవాడు.

"పొద్దు ఉండగానే ఇల్లు చేరుతున్నా బావా. మహానుభావుడు" అన్నాడు బావమరిది. వాడిదీ లారీయే.

"అయితే వాడికే మొక్కు."

ఒకరోజు కంప్యూటరు మనిషే మైకు గది గుమ్మంలో నిలబడ్డాడు.

"పెద్దాయనా, మీ ఆవిడ గురించి ఒక మాట..."

"పోయినదాని ఊసు నీకెందుకు? నీ కంటైనర్లు నువ్వు చూసుకో."

అతను తల వంచుకుని వెళ్ళిపోయాడు.

తప్పు దొరక్కపోతుందా అని పెద్దాయన కాచుకున్నాడు. దొరికింది. గేటు ముందున్న వరసల్లో చివరిదానిలోకి కంప్యూటరు ఏ లారీనీ పంపడం లేదు.

నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్ళాడు.

"అందరూ మెచ్చుకుంటున్నారు గానీ, ఒక వరస మొత్తం ఎండబెడుతున్నాడు. చూశారా అయ్యా?"

మేనేజరు కంప్యూటరు మనిషిని పిలిపించాడు.

"ఆ వరస కూడా లారీలకివ్వు."

"అదొక్కటి ఇవ్వలేనండి."

"ఎందుకని?"

అతను పెద్దాయన వైపు చూశాడు.

ఆ నెలలోనే అతన్ని పంపించేశారు. చివరి వరసలోకీ లారీలు వచ్చాయి.

బావమరిది లారీ దిగి మైకు గదిలోకి వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"అతన్ని ఎందుకు తీసేయించావు బావా?"

"రేవు మేలు కోసం."

"తనే నీతో చెప్పుకుంటానన్నాడు. అందుకే నేను నోరు మూసుకున్నాను."

"వాడికి నాతో చెప్పుకునేదేముంది?"

"అక్కకు గుండెనొప్పి వచ్చిన రోజు అంబులెన్సులో పక్కన నేనున్నాను. ఈ గేటు ముందే ఇరుక్కున్నాం. ఒక్కడూ సందు ఇవ్వలేదు. ఇక్కడే పోయింది."

"అది నాకు తెలియదా?"

"ఆ బండి నడిపింది ఇతనే. ఆ పని మానేసి ఈ చదువు చదివాడు. చివరి వరస ఏ బండి కోసం ఖాళీగా ఉంచాడనుకున్నావు?"

పెద్దాయన మైకు మీద తువ్వాలు కప్పాడు.

"ఈ మాట మళ్ళీ నా దగ్గర ఎత్తకు" అన్నాడు. చచ్చేదాకా తనూ ఎత్తలేదు.