నల్ల ఆయిల్ అడిగిన అవ్వ

"ఆయిల్ మార్చినావా అప్పా?"

మూకండపల్లిలో పురుషోత్తం మెకానిక్ షాపు ముందు ఆ అవ్వ మళ్లీ వచ్చి నిలబడింది. చేతిలో ఆ షాపుదే మూత ఉన్న పసుపు ప్లాస్టిక్ డబ్బా.

"మార్చినాను. పాతది కావాలా?"

"ఇయ్యి. మోరీలో మాత్రం పొయ్యొద్దు."

ఫ్యాక్టరీకి పోయే ప్రతి మనిషికీ ఒక బైకు. బైకుల్లోంచి తీసిన నల్ల ఆయిల్‌ను పురుషోత్తం ఇంతకుముందు పక్క మురుగు మోరీలోకే వంచేవాడు. ఇప్పుడు దాన్ని ఈ అవ్వ వారం వారం వచ్చి నెయ్యి మాదిరి మోసుకుపోతోంది.

"దీంతో ఏం చేస్తావవ్వా?"

"ఏమీ చెయ్యను."

ఏమీ చెయ్యని దానికి ఇంత ఎండలో నడిచి రావడమేమిటి? పురుషోత్తానికి బుర్ర తిరిగిపోయింది.

"మోకాళ్లకు పూసుకుంటాదేమో," అన్నాడు పక్క టీకొట్టు దాసప్ప.

మరునాడు అతనే గొంతు తగ్గించాడు.

"వడగట్టి కొత్త డబ్బాల్లో పోసి అమ్మేవాళ్లు ఉండారంటప్పా. రేపు పోలీసులొస్తే ముందు నీ షాపుకే!"

ఆ మాట పురుషోత్తం మనసులో ముల్లులా దిగింది. ఇంట్లో పసిబిడ్డ ఉంది. ఈ గొడవలు తనకెందుకు?

అవ్వ మళ్లీ వచ్చింది.

"లేదు పో. మోరీలో పోసేసినాను."

అవ్వ ముఖం పాలిపోయింది.

"నీ కాళ్లు పట్టుకుంటానప్పా, పొయ్యొద్దు. దిగువన నీళ్లుండాయి."

"దిగువ నీళ్లతో నాకేం పని? మా బోరు ఎండిపోయి ఎన్నాళ్లో అయింది. మాకు ట్యాంకర్ వస్తాది!"

అవ్వ ఏదో చెప్పబోయింది. పురుషోత్తం బైకు యాక్సిలరేటర్ గట్టిగా తిప్పాడు. ఆ మోతలో మాట వినబడలేదు. అవ్వ ఖాళీ డబ్బాతో వెళ్లిపోయింది.

పాత ఆయిల్ కోసం కాళ్లు పట్టుకుంటారా? అతనికి అసలేమీ అర్థం కాలేదు.

ఆ సాయంత్రం పెద్ద వాన. మోరీ పొంగి దిగువకు ఉరికింది.

రెండ్రోజులకు భార్య భువన షాపుకు ఫోన్ చేసింది.

"ట్యాంకర్ రాలేదు. బిడ్డకు నీళ్లు కాచేదానికి కూడా లేవు."

పురుషోత్తం ట్యాంకర్ డ్రైవర్ శరవణన్‌ను పట్టుకున్నాడు.

"నీళ్లు యాడన్నా? మేము ట్యాంకర్ నింపే బావిలో ఆయిల్ తేలతా ఉంది."

"ఎంత అజాగ్రత్తప్పా! ఆ బావి యజమానిని నాలుగు కడగాల. పద!"

ట్యాంకర్ దిగువకు దిగి తోటలో ఆగింది. పాకలో మూతలు బిగించిన డబ్బాలు వరసగా ఉన్నాయి. వాటిలో తన షాపు పసుపు డబ్బాలూ ఉన్నాయి. ఇవి ఇక్కడెందుకున్నాయి?

బావి గట్టున నల్లగా తడిసిన గుడ్డలు. లోపల మెట్ల మీద అటు తిరిగి వంగి, ఎవరో నీళ్ల మీది జిడ్డును గుడ్డతో అద్ది తీస్తున్నారు.

"యజమాని వస్తాండారు, అడుగన్నా. నీ బిడ్డకు నీళ్లు లేవని ఫోన్‌లో చెప్పినాను," అన్నాడు శరవణన్.

"వానకు ముందు తోడిన నీళ్లు ఒక కడవ ఉండాయి, బిడ్డకు తీసుకపో అప్పా," అంటూ నల్లటి చేతులను కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది, ఆ అవ్వే.