మెడకు చుట్టుకున్న దారం

కిర్రు... కిర్రు... కిర్రు.

కళ్ళు మూసుకున్న అమ్మాయికి ముందు దారం చప్పుడే వినిపించింది. ఆ తరువాతే గడ్డం చురుక్కుమంది.

"ఓర్చుకో తల్లీ, అయిపోవచ్చింది."

ఆ పార్లర్‌లో అందరూ దారం కొసను పళ్ళ మధ్య బిగించి వెంట్రుకలు లాగుతారు. ముసుగక్క మాత్రం మెడకు చుట్టుకుంటుంది. మూతికి ఎప్పుడూ గుడ్డ కట్టుకునే మనిషి పళ్ళతో ఎలా పడుతుందిలే అని అందరూ అనుకునేవారు.

అమ్మాయి రాగానే ఎదుటి అద్దాన్ని ఆమె గోడవైపు తిప్పేసేది. అందుకే అమ్మాయి ఆ కుర్చీనే వెదుక్కునేది.

"గడ్డం మీద ఈ సొట్ట నాన్నగారిదా?" అని ముసుగక్క మొదటిరోజే అడిగింది. ఆ తరువాత ప్రతిసారీ, "నాన్నగారు కులాసాయేనా?"

"మా నాన్న మీకు చుట్టమా ఏమిటి?" అమ్మాయి నవ్వేది.

ముసుగక్క దారం సవరించుకునేది.

ఆ రోజు ముడి వదులై గుడ్డ జారింది.

గడ్డం నిండా నెరిసిన వెంట్రుకలు.

ఇన్నాళ్ళూ గోడవైపు తిరిగిన అద్దం ఒక్కసారిగా ఎదుటికి వచ్చినట్టయింది. అమ్మాయి దిగ్గున లేచింది. భయం కోపమై నోటికి వచ్చింది.

"ముందు మీది తీసుకోండి!"

పక్క కుర్చీల్లో కిసుక్కుమన్నారు.

"తీసుకున్నాను తల్లీ. వయసంతా అదే పని," అంది ముసుగక్క. జారిన గుడ్డ మళ్ళీ కట్టుకోలేదు. "నువ్వు దారంతో సరిపెట్టుకోకు. నెలసరి కూడా సరిగా రావడం లేదన్నావుగా, డాక్టరుకు చూపించుకో. నాన్నగారిని వెంట తీసుకెళ్ళు."

"నాన్నెందుకు? సిగ్గుచేటు!"

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడుగుతారు. ఆయన్నే చెప్పనీ."

అమ్మాయి చాలాకాలం ఆ పార్లర్ మెట్లెక్కలేదు. రేజరు పట్టింది. ఆఫీసులో చేతిరుమాలు చాటున మాట్లాడింది. చివరికి, తప్పయిందని చెబుదామని వెళ్ళింది.

కుర్చీ ఖాళీ. అద్దం గోడవైపే ఉంది.

"జ్వరంతో పోయింది పాపం," అంది పార్లర్ యజమానురాలు. "మావాళ్ళంటూ ఎవరి పేరూ చెప్పలేదు. మేమే సాగనంపాం."

ఆ వారమే డాక్టరు గదిలో, అమ్మానాన్నల మధ్య కూర్చుంది.

"మగవాళ్ళలో ఎక్కువగా ఉండే హార్మోను ఆడవాళ్ళలోనూ కాస్త ఉంటుంది. మీ అమ్మాయికి అది మోతాదు మించింది," అంది డాక్టరు. "సిగ్గుపడాల్సిందేమీ లేదు. కుటుంబంలో ఇంకెవరికైనా ఉందా? తెలిస్తే ఏ పరీక్షలు చేయాలో తేలుతుంది."

"మా ఇంటా వంటా లేదండీ!" అమ్మ గబుక్కున అంది.

నాన్న నేలచూపులు చూశాడు.

"ఇక్కడికి రమ్మన్నది పార్లర్‌లో ముసుగక్కే," అంది అమ్మాయి. "నాన్నను వెంట తీసుకెళ్ళమంది. దారం మెడకు చుట్టుకుని తీసేది. పోయిందట."

నాన్న తలెత్తాడు.

"మెడకా?"

"ఆ. పళ్ళతో పట్టేది కాదు."

"తమ గడ్డం తామే తీసుకునేవాళ్ళకు పళ్ళతో కుదరదమ్మా," అన్నాడాయన మెల్లగా. "తలుపవతల కాపలా ఉండేవాణ్ణి."

"ఊరుకోండి," అమ్మ ఆయన మోచేయి పట్టుకుంది.

ఆయన ఊరుకోలేదు.

"ఉంది డాక్టరుగారూ, నా చెల్లెలికి. నా పెళ్ళికి అడ్డమని పెద్దవాళ్ళు ఇంట్లోంచి పంపేస్తుంటే చూస్తూ నిలబడ్డాను."

పేరు ఎవరూ అడగలేదు. గడ్డం మీది సొట్ట వణుకుతుండగా ఆయనే చెప్పాడు.

"గువ్వ."